ఏడు నిమిషాల తీర్పు, ముప్పై ఏళ్ళ పోరాటం
(ఎలిజబెత్ పాకార్డ్ జీవిత కథ)

మన హాస్టళ్ళలో ఎవడైనా నలుగురితో కలవకుండా ఒక్కడే కూర్చున్నా, అందరూ ఔనన్న మాటను వాడు కాదన్నా, మనం వాడికి వెంటనే టిక్కెట్టు కోసేస్తాం. హైదరాబాదు వైపు వాళ్ళయితే ఎర్రగడ్డకు, విశాఖ వైపు వాళ్ళయితే చినవాల్తేరుకు. నవ్వుకుంటాం, మరచిపోతాం. ఆ మాట వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదనుకుంటాం. కాని అదే మాట స్నేహితుల నోట కాకుండా చట్టం నోట వెలువడితే? ఆ చట్టం తలుపులకు తాళం కూడా వేయగలదయితే? లోపలున్న మనిషి నాకు పిచ్చి లేదని మొత్తుకొనే కొద్దీ అదే పిచ్చికి రుజువని బయటివాళ్ళు రాసుకొంటూ పోతే?

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఇదంతా ఒక తల్లికి జరిగింది. ఆమె పేరు ఎలిజబెత్ పార్సన్స్ వేర్ పాకార్డ్. పిచ్చాసుపత్రిలో మూడేళ్ళు గడిపి, బయటికి వచ్చి, ఒక మనిషిని పిచ్చివాడని నిర్ణయించే అధికారం ఎవరికుండాలనే ప్రశ్నను ఊరూరా, శాసనసభ వెంట శాసనసభగా అడుగుతూ తిరిగిన మనిషి ఆవిడ. న్యాయశాస్త్రం చదివేవారికీ, వైద్యం చదివేవారికీ, రెండూ చదవకపోయినా ఇంట్లోనో వీధిలోనో ఎవరో ఒకరికి ఈ ముద్ర పడటం చూసినవారికీ ఆమె కథ తెలిసివుండటం మంచిది.

ఎలిజబెత్ 1816 డిసెంబరు 28న మసాచుసెట్స్ రాష్ట్రంలోని వేర్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి శామ్యూల్ వేర్ చర్చిలో ప్రబోధకుడు. ఆ రోజుల్లో ఆడపిల్లలకు దొరికే చదువు తక్కువే అయినా ఆయన కూతురిని బాగానే చదివించాడు. ఆమె ఆమ్‌హెర్స్ట్‌లో బాలికల విద్యాలయంలో చదువుకొని పంతులమ్మ అయింది. 1836లో, పందొమ్మిదో ఏట, జబ్బు చేసింది. అప్పటి డాక్టర్లు దానికి మెదడు జ్వరమని పేరు పెట్టారు. తండ్రి కంగారుపడి కూతురిని వూస్టర్‌లోని ప్రభుత్వ పిచ్చాసుపత్రిలో చేర్పించాడు. కొన్ని వారాల్లోనే కోలుకొని ఇంటికి వచ్చేసింది. ఆ కొన్ని వారాల సంగతి పాతికేళ్ళ తరవాత తన మెడకు గుదిబండ అవుతుందని అప్పుడామెకు తెలియదు. ఒకసారి ఆ గడప తొక్కిన మనిషిని లోకం జీవితాంతం ఆ గడప పక్కనే నిలబెట్టి చూస్తుంది.

1839లో ఆమెకు థియోఫిలస్ పాకార్డ్‌తో పెళ్ళయింది. ఆయనా ప్రబోధకుడే. వయసులో ఆమెకంటే సుమారు పద్నాలుగేళ్ళు పెద్ద. కాల్విన్ సంప్రదాయాన్ని అక్షరం పొల్లుపోకుండా నమ్మిన మనిషి. మానవుడు పుట్టుకతోనే పాపి అనేది ఆయన సిద్ధాంతం. ఆరుగురు పిల్లలు పుట్టారు. ఇల్లాలిగా, తల్లిగా ఆమెను వేలెత్తి చూపగలిగినవాళ్ళు ఊళ్ళో లేరు. 1857 నాటికి కుటుంబం పడమటికి తరలివెళ్ళి, ఇల్లినాయ్ రాష్ట్రంలో షికాగోకు దక్షిణంగా కాంకకీ కౌంటీలోని మాంటెనో అనే చిన్న ఊళ్ళో స్థిరపడింది.

చిక్కు అక్కడ ముదిరింది. ఎలిజబెత్ ఆలోచించే మనిషి. ఆలోచించింది దాచుకోలేని మనిషి కూడా. తన ఒళ్ళో ఆడుకొనే పసిపాప పాపి అంటే ఆమె మనసు ఒప్పుకోలేదు. ఎవరి అంతరాత్మకు వాళ్ళే జవాబుదారీ అని నమ్మింది. బానిసత్వం గురించీ, పిల్లల పెంపకం గురించీ కూడా భర్త మాట ఒకటి, ఆమె మాట ఒకటి. ఇంట్లో నాలుగు గోడల మధ్య వున్నంత కాలం ఎలాగో సాగింది. చర్చిలో బైబిలు తరగతిలో నలుగురి ముందూ ఆమె తన అభిప్రాయాలు చెప్పడం, అవి విని కొందరు తలలూపడం మొదలయ్యేసరికి ప్రబోధకుడికి తన పీఠమే కదులుతున్నట్టయింది. చివరికి ఆ చర్చి నుంచి తప్పుకొంటానని కూడా ఆమె అనేసింది. భార్య తనతో విభేదిస్తున్నదని ఒప్పుకోవడం కన్నా ఆమెకు మతి చలించిందని చెప్పుకోవడం ఆయనకు తేలికనిపించింది. బహుశా ఆయన దాన్ని నిజంగానే నమ్మివుంటాడు కూడా. అదే ఈ కథలో భయపెట్టే సంగతి.

ఆయనకు చట్టం తోడయింది. ఇల్లినాయ్‌లో ప్రభుత్వ పిచ్చాసుపత్రి జాక్సన్‌విల్‌లో తెరిచింది 1851లో. ఆ ఏడాది చేసిన చట్టం ప్రకారం మామూలు మనిషిని ఆసుపత్రిలో పెట్టాలంటే పిచ్చి వున్నట్టు సాక్ష్యం కావాలి, విచారణ జరగాలి. కాని దానికో మినహాయింపు వుంది. పెళ్ళయిన స్త్రీనీ, మైనరు పిల్లలనూ మాత్రం, ఆసుపత్రి సూపరింటెండెంటు సరేనంటే, భర్త లేదా సంరక్షకుడు అడిగినంత మాత్రాన చేర్చుకోవచ్చు. ఇతరుల విషయంలో కావలసిన సాక్ష్యం వీళ్ళకు అక్కరలేదు. చట్టం దృష్టిలో భార్యా, మైనరు పిల్లా ఒకే పద్దు. వాళ్ళ తరఫున ఆలోచించడానికి వేరొకరున్నారు కనుక, వాళ్ళను అడగవలసిన పని లేదు.

1860 జూన్ 18 ఉదయం భర్త, ఆయన చర్చికి చెందిన ఇద్దరు డాక్టర్లు, షరీఫు ఇంటికి వచ్చారు. ఆమె గది తలుపు గడియ పెట్టుకుంది. కిటికీని గొడ్డలితో పగలగొట్టి లోపలికి వచ్చారు. డాక్టర్లు నాడి చూశారు. పిచ్చి అన్నారు. పరీక్ష అయిపోయింది. ఆమె ఎదిరించి కొట్లాడలేదు. అలాగని తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళనూ లేదు. నడిచి వెళితే ఒప్పుకొని వెళ్ళినట్టు అవుతుందని, మోసుకువెళ్ళండని కూర్చుంది. మగవాళ్ళు చేతుల మీద మోసుకెళ్ళి రైలెక్కించారు. కడగొట్టు బిడ్డకు అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు.

జాక్సన్‌విల్ ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ ఆండ్రూ మెక్‌ఫార్లండ్ చదువుకున్నవాడు, పేరున్నవాడు. మొదట్లో ఆమెను మర్యాదగానే చూశాడు, మంచి వార్డులో వుంచాడు. ఇంత తెలివైన డాక్టరు రెండు రోజుల్లో నిజం తెలుసుకోకపోతాడా అని ఆమె ఆశపడింది. రోజులు నెలలయ్యాయి. తోటి రోగులను సిబ్బంది చూసే తీరు భరించలేక ఆమె డాక్టరుకు నిలదీస్తూ పెద్ద ఉత్తరం రాసింది. దాని ఫలితంగా ఆమెను అల్లరి రోగులుండే వార్డుకు మార్చారు. మురికి, అరుపులు, దెబ్బలు. ఆమె బకెట్టూ సబ్బూ అడిగి తీసుకొని ఆ రోగులకు స్నానాలు చేయించింది, గదులు కడిగింది. దొరికిన కాగితం ముక్క మీదల్లా చూసింది చూసినట్టు రాసి, అద్దం వెనకా, బట్టల అస్తరుల్లోనూ దాచింది.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడని మనకో సామెత వుంది. తనకు నయమైందని చెప్పే మాటలోనే పిచ్చి బయటపడిందని దాని భావం. వింటే నవ్వొస్తుంది. కాని ఆసుపత్రి గోడల లోపల ఆ సామెతే పరీక్ష అయినప్పుడు తప్పించుకొనే దారేది? నాకు పిచ్చి లేదంటే జబ్బు ముదిరిందన్నారు. వుందని ఒప్పుకొంటే వున్నట్టే కదా. కోపగించుకుంటే ఉన్మాదం, ఊరుకుంటే విషాదం. అక్కడ తోటి స్త్రీలు చాలామంది భర్త మాటకు తలొగ్గి, తప్పయిందని చెప్పి ఇంటికి పోవడం ఆమె గమనించింది. తానూ ఆ పని చేస్తే పిల్లల దగ్గరికి పోవచ్చు. చెయ్యలేదు. నమ్మని మాటను నమ్మానని చెప్పడమే తన దృష్టిలో మతి తప్పడం.

మూడేళ్ళకు, 1863 జూన్‌లో ఆమెను బయటికి పంపారు. నయమైందని కాదు, నయం కాని కేసని. పెద్దకొడుకు మేజరయ్యాడు, తల్లిని తాను చూసుకుంటానన్నాడు. చివరికి ఆమె మాంటెనోలోని తన ఇంటికే చేరింది. భర్త ఆమెను ఒక గదిలో పెట్టి తాళం వేశాడు. కిటికీలకు మేకులు కొట్టించాడు. ఆమెను మసాచుసెట్స్‌లోని మరో పిచ్చాసుపత్రికి పంపించే ఏర్పాట్లు జరుగుతున్నాయని ఆమెకు తెలిసింది. కిటికీ సందులోంచి ఒక చీటీ బయటికి జారవిడిచింది. అది శారా హాస్లెట్ అనే స్నేహితురాలికి చేరింది. ఆమె ద్వారా సంగతి జడ్జి చార్లెస్ స్టార్ దాకా వెళ్ళింది. 1864 జనవరిలో ఆయన హెబియస్ కార్పస్ ఉత్తర్వు జారీ చేశాడు.

ఇక్కడొక విచిత్రం చూడండి. భార్యను విచారణ లేకుండా పిచ్చాసుపత్రిలో పెట్టించే హక్కు భర్తకు చట్టం ఇచ్చింది. సొంత ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసే హక్కు ఇచ్చినట్టు ఎక్కడా రాయలేదు. మూడేళ్ళ నిర్బంధానికి తెరుచుకోని కోర్టు తలుపు కొన్ని వారాల గృహనిర్బంధానికి తెరుచుకుంది. భార్యకు పిచ్చి కాబట్టే తాళం వేశానని భర్త జవాబిచ్చాడు. అయితే పిచ్చి వుందో లేదో పన్నెండుమంది జ్యూరీ తేలుస్తుందని జడ్జి అన్నాడు. మూడున్నరేళ్ళ కిందట అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగారు.

కాంకకీ కోర్టులో విచారణ అయిదు రోజులు సాగింది. భర్త తరఫు డాక్టర్లలో బ్రౌన్ అనే ఆయన కుట్టుమిషన్లు అమ్మేవాడినని చెప్పుకొని ఆమె ఇంటికి వెళ్ళి, మాటల్లో పెట్టి, పిచ్చి వుందని తేల్చుకొని వచ్చినవాడు. ఆయన కోర్టులో కారణాల జాబితా చదివాడు. తనను పిచ్చిదంటే ఆమెకు గిట్టకపోవడం కూడా అందులో ఒకటి! మత విషయాల్లో ఆమెకు కొన్ని వింత భావాలు వున్న మాట నిజమే. పవిత్రాత్మను స్త్రీరూపంగా భావించడం లాంటివి. భర్త తరఫు లాయర్లు వాటినే పట్టుకున్నారు.

ఆమె తరఫున స్టీఫెన్ మూర్ అనే న్యాయవాది నిలబడ్డాడు. సాక్షుల్లో డంకన్‌సన్ అనే ఆయన డాక్టరే కాక మతశాస్త్రం కూడా చదువుకున్నవాడు. ఆమెతో మూడు గంటలు మాట్లాడి వచ్చాడు. ఆమె భావాలు చాలా వాటితో తాను ఏకీభవించడం లేదనీ, అంతమాత్రాన తనతో ఏకీభవించని వాళ్ళందరినీ పిచ్చివాళ్ళని అనలేననీ, ఆమెకు పూర్తిగా స్వస్థత వుందనీ సాక్ష్యం చెప్పాడు. ఈ కథ మొత్తానికి వెన్నెముక ఆ సాక్ష్యమే. ఆ డాక్టరు చూసింది ఆమె అభిప్రాయం తప్పా ఒప్పా అని కాదు. ఆ అభిప్రాయానికి ఆమె ఎలా వచ్చింది, ఎదుటి ప్రశ్న ఆమెకు అర్థమవుతున్నదా, జవాబు పొందికగా వస్తున్నదా అని. పిచ్చికీ భిన్నాభిప్రాయానికీ మధ్య వున్న గీత అదే.

జనవరి 18న జ్యూరీ లోపలికి వెళ్ళి ఏడు నిమిషాల్లో తిరిగి వచ్చింది. ఎలిజబెత్ పాకార్డ్‌కు మతిస్థిమితం వుందని తీర్పు. కోర్టు హాలు చప్పట్లతో మోగిపోయింది.

కథ అక్కడ ముగిస్తే బాగానే వుండేది. కాని తీర్పు విని ఇంటికి వెళ్ళిన ఆమెకు ఇల్లు లేదు. భర్త సామాను సర్దుకొని, ఇల్లు వేరేవాళ్ళకు అద్దెకిచ్చి, పిల్లలను తీసుకొని మసాచుసెట్స్ వెళ్ళిపోయాడు. అడిగే హక్కు లేదు. అప్పటి చట్టంలో ఇంటి మీదా, పిల్లల మీదా హక్కు తండ్రిదే. నలభయ్యేడేళ్ళ మనిషి, చేతిలో కాణీ లేదు, చేతి కింద మూడేళ్ళ రాతలు మాత్రం వున్నాయి.

ఆ రాతలే ఆమె పెట్టుబడి అయ్యాయి. పుస్తకం అచ్చు కాకముందే టిక్కెట్లు అమ్మి, ఆ డబ్బుతో అచ్చు వేయించి, ఊరూరా ఇల్లిల్లూ తిరిగి అమ్మింది. ఆ రాబడితో బతికింది, షికాగోలో సొంత ఇల్లు కొనుక్కుంది. 1869లో చిన్న పిల్లలు తిరిగి ఆమె దగ్గరికి చేరారు. తొమ్మిదేళ్ళ ఎడబాటు! చంకలో వదిలి వెళ్ళిన పసివాడు అప్పటికి బడికి పోయే కుర్రవాడు.

తన గొడవ తీరింది కదా అని ఆమె ఊరుకోలేదు. 1867లో ఇల్లినాయ్ శాసనసభ వ్యక్తి స్వేచ్ఛ రక్షణ చట్టాన్ని చేసింది. ఆడగానీ మగగానీ, జ్యూరీ విచారణ లేకుండా ఎవరినీ పిచ్చాసుపత్రిలో నిర్బంధించరాదని దాని సారాంశం. దాని వెనక ఆమె పట్టుదల వుంది. అదే ఏడాది జాక్సన్‌విల్ ఆసుపత్రిలో జరుగుతున్న దానిపై శాసనసభ విచారణ సంఘం వేసింది. మెక్‌ఫార్లండ్‌ను తొలగించాలని ఆ సంఘం సిఫారసు చేసింది. 1872లో అయోవా రాష్ట్రంలో రోగుల ఉత్తరాలను ఆసుపత్రివాళ్ళు ఆపకుండా చట్టం వచ్చింది. ఉత్తరం విలువ ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? కిటికీ సందులోంచి జారవిడిచిన ఒక చీటీయే కదా ఆమెను బయటపడేసింది. ఓటు హక్కు కూడా లేని ఆడది ఎన్నో శాసనసభల మెట్లెక్కి చట్టాలు మార్పించింది. 1897 జూలై 25న షికాగోలో కన్నుమూసింది.

ఆమె చేసిందంతా తిరుగులేనిదని చెప్పడం న్యాయం కాదు. జ్యూరీ పద్ధతిని ఆనాటి మానసిక వైద్యులు గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ళ వాదనలో స్వార్థం కొంత వుంటే వుండవచ్చు, నిజం కూడా వుంది. నిజంగా జబ్బుపడిన మనిషిని నేరస్థుడిలాగా బహిరంగ కోర్టులో నిలబెట్టి, ఇరుగుపొరుగు వినేలా అతని బాధలన్నీ చదివించడం ఎంత అవమానం! విచారణ తేలే లోపల వైద్యం ఆలస్యమయ్యేది. జ్యూరీలోని రైతుకూ వర్తకుడికీ మనసు జబ్బుల సంగతి ఏం తెలుసు? 1893లో ఇల్లినాయ్ ఈ చట్టాన్ని సవరించి, జ్యూరీకి బదులు డాక్టర్ల సంఘం పరీక్షించే వీలు కల్పించింది. ఒంటి డాక్టరు చేతికి వదిలితే ఎలిజబెత్‌కు జరిగింది జరుగుతుంది. పన్నెండుమంది సామాన్యులకు వదిలితే నిజమైన రోగి నలిగిపోతాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఈ రెంటి మధ్య దారి వెతకడమే అప్పటి నుంచి ఈ చట్టాల చరిత్ర.

1975లో అమెరికా సుప్రీంకోర్టు కెన్నెత్ డొనాల్డ్‌సన్ కేసులో తీర్పు చెప్పింది. తండ్రి దరఖాస్తు మీద ఫ్లోరిడా ఆసుపత్రిలో దాదాపు పదిహేనేళ్ళు వున్న మనిషి అతను. ఎవరికీ ప్రమాదం కలిగించకుండా బయట బతకగలిగిన మనిషిని జబ్బు వుందన్న ఒక్క కారణంతో నిర్బంధించి వుంచరాదని ఆ తీర్పు సారం. ప్రశ్న అక్కడ మారింది. జబ్బు వుందా లేదా అన్నది చాలదు, ఆ జబ్బు వల్ల ఈ మనిషి ఏం చేయలేకపోతున్నాడు, ఏ ప్రమాదం వుంది అని అడగాలి.

మన దేశం సంగతి చూద్దాం. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం కింద భర్త గానీ భార్య గానీ బంధువు గానీ దరఖాస్తు పెట్టి, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు జతచేస్తే, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో మనిషిని ఆసుపత్రిలో పెట్టేవారు. 1987లో వేరే చట్టం చేశారు, అది 1993లో అమలులోకి వచ్చింది. ఆపైన 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చి, 2018 మే 29 నుంచి అమలయింది.

ఈ 2017 చట్టాన్ని ఎలిజబెత్ కథ పక్కన పెట్టుకొని చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. తన సమాజంలోని నైతిక విలువలతో, మత విశ్వాసాలతో పొసగనంత మాత్రాన ఎవరికీ మానసిక వ్యాధి వున్నట్టు నిర్ణయించరాదని అందులో వుంది. బైబిలు తరగతిలో మాట్లాడినందుకు పిచ్చిదైన స్త్రీ గుర్తుకు రావడం లేదూ? గతంలో మానసిక వైద్యశాలలో వున్నంత మాత్రాన ఇప్పుడు జబ్బు వున్నట్టు కాదని వుంది. పందొమ్మిదో ఏట వూస్టర్‌లో గడిపిన ఆ కొన్ని వారాలు గుర్తున్నాయి కదా. చికిత్స విషయంలో నిర్ణయశక్తికి ఈ చట్టం పెట్టిన కొలత ఇది: తనకు చెప్పిన సంగతి అర్థం చేసుకోగలగడం గానీ, ఒప్పుకుంటే ఏమవుతుందో ఒప్పుకోకపోతే ఏమవుతుందో గ్రహించగలగడం గానీ, మాటతోనో సైగతోనో తన నిర్ణయం తెలపగలగడం గానీ. ఆ నిర్ణయం పక్కవాళ్ళకు తప్పుగా తోచినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయశక్తి లేనట్టు కాదని కూడా ఆ చట్టమే అంటుంది. డంకన్‌సన్ డాక్టరు 1864లో కోర్టులో చెప్పిన సాక్ష్యం నూటయాభై ఏళ్ళ తరవాత మన చట్టంలోకి నడిచి వచ్చినట్టుంది.

అయితే ఇష్టం లేకుండా ఆసుపత్రిలో పెట్టడం ఎప్పటికీ కుదరదా? కుదురుతుంది. తనకు తాను హాని చేసుకొనే స్థితిలోనో, ఇతరులకు ప్రమాదం కలిగించే స్థితిలోనో, తనను తాను చూసుకోలేని స్థితిలోనో వున్న మనిషిని చేతులు కట్టుకొని చూస్తూ వూరుకోవడం దయ కాదు. అలాంటప్పుడు ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. గడువు ముప్పై రోజులు. ఏడు రోజులకొకసారి అతని నిర్ణయశక్తిని తిరిగి పరీక్షించాలి, అంటే ఇవాళ లేని శక్తి వచ్చే వారానికి తిరిగి రావచ్చునని చట్టం ఒప్పుకొంటున్నదన్నమాట. చేరిన మనిషి స్త్రీ అయినా మైనరు అయినా మూడు రోజుల్లోగా సమీక్షా మండలికి తెలియజేయాలి. 1851లో స్త్రీలనూ పిల్లలనూ ఒకే పద్దులో రాసింది సాక్ష్యం అక్కరలేదనడానికి. 2017లో మళ్ళీ ఒకే పద్దులో రాసింది కాపలా ఎక్కువ కావాలనడానికి. పద్దు అదే, అర్థం తలకిందులైంది.

చట్టం పుస్తకంలో రాసినంత మాత్రాన పని అయిపోదు. ఇల్లినాయ్‌లోనూ 1851లో మంచి ఉద్దేశంతోనే ఆసుపత్రి తెరిచారు. ఒక్క మినహాయింపు చాలింది. రేపు మనలో ఒకరు డాక్టరు కుర్చీలో కూర్చుంటారు. ఒకరు లాయరు కోటు తొడుక్కుంటారు. చాలామంది ఏదో ఒక రోజు ఒక అన్నగానో, భార్యగానో, కొడుకుగానో ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టవలసిన చోట నిలబడతాం. అప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఈ మనిషి మన మాట వింటున్నాడా అని కాదు. మనం ఈ మనిషి మాట విన్నామా అని.

ఇల్లినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రం వుంది. దానికి చాలా ఏళ్ళు ఆండ్రూ మెక్‌ఫార్లండ్ పేరే వుండేది. 2023లో ఆ పేరు తీసి ఎలిజబెత్ పార్సన్స్ వేర్ పాకార్డ్ పేరు పెట్టారు. నయం కాని కేసని రాసి పంపిన డాక్టరు పేరు బోర్డు మీది నుంచి దిగింది. ఆ రోగి పేరు ఎక్కింది.